ఒక్క రెక్క పాట

బనగానపల్లె,
18 జనవరి 2024.

కోడలు శ్రావణికి,

మీ అత్త నాగలక్ష్మమ్మ దీవెనలు అట్లుంచు, ముందు నువ్వు బెంగళూరులో చేసే పని ఏమిటో నాకు చెప్పు. కడపలో కడుతున్న ఇంటికి బండలు కొనడానికి మీ నాయన మొన్న వచ్చినాడు. రొట్టె వడ్డించి, "పాప ఏం చేస్తాందిరా తిమ్మయ్యా?" అని అడిగితే, నా తమ్ముడు నోట్లో ముద్ద పెట్టుకునే, "ఈగల్ని పెంచుతాందక్కా" అన్నాడు. నేను గరిటె కింద పెట్టేసినాను. "ఈగల్ని తోలేదానికి ఎవరైనా దుడ్లిస్తారు గానీ, పెంచేదానికి కూడా ఇస్తారా?" అంటే, "గవర్నమెంటే ఇస్తాందంట" అన్నాడు.

ఇన్నేండ్లూ మా కోడలు డాక్టరు చదువుతాందని ఊరంతా చెప్పుకుంటా తిరిగినాను. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని తిరగాల? ఇల్లలుకుతా పేరు మరిచిన ఈగ సంగతి నాకు తెలుసు. ఈగలను సాకుతా అత్తను మరిచిన ఆడపిల్ల సంగతి ఇప్పుడే వింటున్నాను. ఉత్తరం రాసి ఎన్నాళ్ళయింది నువ్వు? ఫోను చేసి రెండు మాటలు గడగడా చెప్పి పెట్టేస్తావు. ఫోనులో మాట నాకు మాటగానే తోచదని నీకు తెలుసు. మా అబ్బోడు రాజశేఖర్‌కు పుట్టుకతో చెవులు వినపడవు. వాడికి అక్షరాలు వచ్చిన నాటి నుంచీ ఈ ఇంట్లో పరిచిన నల్ల బండలే మా పలక. సుద్దముక్కతో వాడొకటి రాస్తాడు, నేనొకటి రాస్తాను, పొద్దుగూకినాక తడిగుడ్డతో తుడిచేస్తాను. తెల్లారితే మళ్ళీ కొత్త మాటలు. నువ్వు ఎండాకాలం సెలవలకు వచ్చి మాతోపాటు నేలంతా గీసి తిట్లు తినలేదా ఏమి?

ఇంకొక సంగతి. రాజు పెండ్లాము శివజ్యోతి నీళ్ళోసుకుంది. నాకు సంతోషం సగం, గుండెదడ సగం. మిక్సీ తీసి అటక మీద పెట్టించినాను. రోడ్డు పక్క గది మాన్పించి వెనక గదిలో పడుకోబెట్టినాను, కిటికీ మూసేసినాను. యాగంటి పోతానంటే వద్దన్నాను, అక్కడ డోళ్ళు. ఆ పిల్ల మూతి ముడుచుకుంది. ముడుచుకుంటే ముడుచుకోనీ. నా గతి దానికి పట్టకూడదు.

నా గతి ఊరందరికీ తెలిసిందే గదా. రాజు కడుపులో ఎనిమిదో నెల. మామకు సద్ది తీసుకుని బండల గనికి పోయినాను. అమ్మ తమ్ముణ్ణే చేసుకున్నాను కాబట్టి పెండ్లయినాక కూడా ఆయన్ను మామా అనే పిలిచినాను, ఇప్పటికీ నోట అదే వస్తుంది. ఆ దినం గుట్ట పైపొర ఎగరగొట్టడానికి పేలుడు పెట్టినారు. అంటించింది మామే. నేను వచ్చేది ఆయనకు తెలీదు. మలుపు తిరిగినానో లేదో భూమి అదిరింది. సద్దిగిన్నె జారిపోయింది. కడుపు పట్టుకుని కూర్చుంటే లోపల బిడ్డ ఉలుకూ లేదు పలుకూ లేదు. అప్పుడే అనుకున్నాను, ఏదో అయిందని. రాజు పుట్టినాక, పళ్ళెం దబీమని కింద పడేసినా వాడు బెదరలేదని తెలిసిన దినం మహాదేవమ్మవ్వ అనింది, "కడుపులోనే బిడ్డ చెవులు పగలగొట్టుకొచ్చినావు గదే" అని. నాకు అవ్వా ఆమే, అత్తా ఆమే. మాట రెండు పక్కలా తగిలింది.

మామ ఆ మాటకు తలెత్తలేదు. ఆ తర్వాత పేలుడు ముట్టలేదు. నేను ఆ దారి తొక్కలేదు. ఆయన పోయినాక కూడా బేతంచెర్ల బస్సుకు చుట్టూ తిరిగే పోతాను.

జవాబు రాయి. ఈగల సంగతి కూడా దాచకుండా రాయి.

మీ అత్త,
నాగలక్ష్మమ్మ.


బెంగళూరు,
2 ఫిబ్రవరి 2024.

అత్తా, నమస్కారం.

నీ ఉత్తరం పనిచేసే చోటే విప్పి, నవ్వు ఆపుకోలేక వరండాలోకి పరిగెత్తాను. శివజ్యోతి మాట చదివి మళ్ళీ సంతోషంతో లోపలికి వచ్చాను. ఆమెను అడిగానని చెప్పు.

నేను పెంచేవి అన్నం మీద వాలే ఈగలు కావు. మామిడిపండ్లు తిన్నాక తొక్కులూ టెంకలూ బుట్టలో వేస్తే, వాటి మీద ముసురుకుంటాయే, నువ్వు తువ్వాలుతో తోలితే లేచి మళ్ళీ అక్కడే వాలతాయే, ఆ ఎర్రకళ్ళ బుల్లి ఈగలు. గాజు సీసాల్లో పెడతాం. వాటికి వంట ఉంటుంది. బొంబాయి రవ్వ, బెల్లం, గట్టిపడడానికి సముద్రపు నాచు పొడి వేసి ఉడికించి సీసాల్లో పోస్తాం. బెల్లం ఉడికే వాసనకు పొద్దున్నే నాకు నీ వంటిల్లు గుర్తొస్తుంది. మీ ఇంట్లో తిన్న బొరుగుల ఉండలు గుర్తొస్తాయి.

ఈగలే ఎందుకంటావా? గుడ్డు పదిరోజుల్లో పెద్ద ఈగ అవుతుంది. అవ్వా, అమ్మా, కూతురూ, మనవరాలూ ఒక్క ఎండాకాలం సెలవల్లో కళ్ళముందే పుట్టి పెరుగుతారు. మనుషుల్లో అన్ని తరాలు చూడాలంటే చూసేవాడు ముసలివాడై పోతాడు. కన్నవాళ్ళ నుంచి పిల్లలకు ఏది ఎట్లా దిగుతుందో వందేళ్ళకు పైగా మనుషులకు నేర్పింది ఈ తొక్కుల మీది ఈగలే. కాబట్టి ఊర్లో ధైర్యంగా తిరుగు.

మేము చూసేది వాటి వినికిడి. అవును, ఈగలు వింటాయి! మగ ఈగ ఆడ ఈగ చుట్టూ తిరుగుతూ ఒక్క రెక్క పక్కకు చాపి వణికిస్తుంది. అది పాట. ఆడది తలమీది మీసాలతో వింటుంది. మన చెవులకు ఆ పాట అందదు, మైకు పెట్టి పెద్దది చేస్తే తప్ప. మగ ఈగలను మాత్రమే ఒక పెట్టెలో వేసి ఆ పాట వినిపిస్తే, ఒకదాని వెనుక ఒకటి రైలు పెట్టెల్లా వరుసకట్టి తిరుగుతాయి. మా దగ్గర పుట్టు చెవిటి ఈగలు కూడా ఉన్నాయి. పాట మోగుతున్నా అవి ఎవరి దారిన అవి పోతుంటాయి.

ఆ పెట్టె మొదటిసారి చూసిన రోజు నాకు రాజు బావ కనిపించాడు. చిన్నప్పుడు ఏదో పెండ్లిలో మేమంతా డప్పులకు ఎగురుతుంటే, బావ ఒక్కడే పక్కన నిలబడి మా కాళ్ళవైపు చూస్తున్నాడు. తర్వాత నెమ్మదిగా వచ్చి డప్పు మీద అరచెయ్యి పెట్టాడు. నేను ఈ పనిలోకి వచ్చింది అందుకే అత్తా. నాయనకు కూడా చెప్పలేదు, నీకే చెప్తున్నాను.

నీ కోడలు,
శ్రావణి.


బనగానపల్లె,
16 ఫిబ్రవరి 2024.

కోడలా,

రవ్వా బెల్లమూనా! రెండు గరిటెల నెయ్యి పోస్తే కేసరి అవుతుంది కదే. మీ నాయనకు మీ అమ్మను చూడడానికి పోయినప్పుడు వాళ్ళు మాకు ఉత్త ఉప్మా పెట్టి పంపినారు. మనుషులకంటే మీ ఈగల మర్యాదే బాగుంది.

రైలు పెట్టెల సంగతి రాజుకు బండ మీద రాసి చూపించినాను. వాడు చదివి, ఒక చెయ్యి పక్కకు చాపి వణికించుకుంటా శివజ్యోతి చుట్టూ తిరిగినాడు. సిగ్గులేనోడు. చానాళ్ళకు ఆ పిల్ల పగలబడి నవ్వింది. వాడు బండల పాలిషింగు ఫ్యాక్టరీలోనే ఉన్నాడు. అక్కడ మిషన్ల మోతకు తక్కినోళ్ళు చెవుల్లో దూది కుక్కుకుంటారు, వీడు హాయిగా పని చేసుకుని వస్తాడు. డప్పు మీద చెయ్యి పెట్టిన సంగతి నీకు జ్ఞాపకముందంటే నా కండ్లలో నీళ్ళు తిరిగినాయి. ఆ పెండ్లి నాకు జ్ఞాపకమే లేదు. నీకుంది.

కోసిగి నుంచి శివజ్యోతి వాళ్ళమ్మ వచ్చి పోయింది. "ఏమక్కా, మా పాపను చీకట్లో మగ్గబెట్టినావు?" అని పెద్ద రాద్ధాంతం. "మామిడికాయలే మగ్గబెడతాం, మనుషులను గాదు. మోత తగలకూడదని పెట్టినా" అన్నాను. ఆమెకేం తెలుసు!

నువ్వు రాసిన ఒక మాట దగ్గర నా కన్ను నిలిచిపోయింది. పుట్టు చెవిటి ఈగలు. వాటికి ఎంత మోత పెట్టినారు తల్లీ? గుడ్డులో ఉండంగానే పెట్టినారా, ఇంకా తల్లి పొట్టలో ఉండంగానా? ఎంత దూరం నుంచి పెడితే చెవులు పోతాయి? మీకు అన్నిటికీ లెక్కలుంటాయి గదా. ఆ దినం మలుపుకూ గనికీ నడుమ ఒక చింతచెట్టు ఉంది, రెండు బండల కుప్పలున్నాయి. అంత అడ్డమున్నా పోతాయా? నేను ఇంకొంచెం నిదానంగా నడిచి ఉంటే, ఇంకో రొట్టె కాల్చి బయలుదేరి ఉంటే, పోకుండా ఉండేటివా?

నవ్వొద్దు. నాకు నిజం రాయి. ఎవరినీ అడగలేక ఇన్నేండ్లున్నాను.

మీ అత్త.


బెంగళూరు,
1 మార్చి 2024.

అత్తా,

నవ్వలేదు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను.

ఆ ఈగలకు ఎవరూ మోత పెట్టలేదు. అవి పుట్టడమే అట్లా పుట్టాయి. విచిత్రమేమిటంటే వాటి అమ్మకూ నాయనకూ చక్కగా వినపడుతుంది.

ఎట్లాగో చెప్తాను. ఒళ్ళు తయారవడానికి కావలసిన ప్రతి మాటా మనలో రెండుసార్లు రాసి ఉంటుంది. ఒకటి అమ్మ రాసింది, ఒకటి నాయన రాసింది. మీ ఇంటి బండల మీద నువ్వు ఒక మాట రాసి, మామ కూడా అదే మాట పక్క బండ మీద రాశాడనుకో. నీ రాత నీళ్ళు పడి చెరిగిపోయినా, మామ రాసింది చదువుకుని పని జరిగిపోతుంది. ఒకటి చెరిగిందన్న సంగతి ఎవరికీ తెలియను కూడా తెలియదు. రెండూ చెరిగిపోయినవే బిడ్డకు వస్తే, అప్పుడు చదవడానికేమీ ఉండదు. మా చెవిటి ఈగలకు జరిగింది అదే.

రాజు బావకు కూడా అదే జరిగి ఉంటుందని నాకు అనుమానం. అనుమానం చాలదు. ఇక్కడ నాకు తెలిసిన డాక్టరమ్మ ఒకామె పరీక్ష చేయిస్తారు. రెండు చిన్న గొట్టాలు పంపుతున్నాను. ఒకదాంట్లో బావ, ఇంకొకదాంట్లో శివజ్యోతి ఉమ్మి, మూత బిగించి, పేర్లు రాసి పంపండి. సూదులు లేవు, రక్తం లేదు. ఫలితం వస్తే మన ఇంట్లో ఎన్నేళ్ళనాటి ముడో విడిపోతుంది.

ఈలోగా శివజ్యోతి గదికి కిటికీ తెరువత్తా. నా మీద ఒట్టు.

నీ కోడలు,
శ్రావణి.


బనగానపల్లె,
21 మార్చి 2024.

కోడలా, బంగారు తల్లీ,

గొట్టాలు పంపినాం. పోస్టాఫీసులో ఆయన, "ఏముందమ్మా ఇందులో?" అన్నాడు. "మావాని ఉమ్మి" అన్నాను. చెయ్యి వెనక్కి తీసుకుని, "నువ్వే ఆ సంచిలో వెయ్యి తల్లీ" అన్నాడు. నేను పొట్లానికి పసుపు కుంకుమ కూడా పెట్టినాను, మీ డాక్టరమ్మ ఏమీ అనుకోదులే.

ముడి విడిపోతుందని నువ్వు రాసిన కాడి నుంచి నాకు నేల మీద కాళ్ళు నిలవడం లేదు. నేను ఎవరికీ చెప్పలేదు, రాజుకు కూడా. మందు చుక్కలుగా ఉంటుందా, గోళీలుగా ఉంటుందా? ఇంత వయసొచ్చినాక పట్టుకుంటుందా? పథ్యం ఏమైనా ఉంటే చెప్పు, ఉప్పూ కారమూ లేకుండా నేనే వండి పెడతాను. అహోబిలం నరసింహస్వామికి మొక్కుకున్నాను, కొండ నడిచి ఎక్కుతానని.

చెవులొస్తే వాడు మొదట ఏది వినాల అని ఆలోచిస్తా పడుకుంటాను. నా గొంతు ఏం బాగుంటుంది, తిట్టి తిట్టి గరుకెక్కింది. మామ గొంతు వినిపిద్దామంటే మామ లేడు. చివరికి తోచింది. బండ మంచిదా పగులుందా అని మామ సుత్తితో మెల్లగా తట్టి చూసేవాడు, నీకు జ్ఞాపకముందా? మంచి బండ కంచు మాదిరి ఖంగుమంటుంది. పగులున్న బండ దగ్గుతుంది. రాజు అదే పని అరచెయ్యి ఆనించి తెలుసుకుంటాడు, ఒక్కటి తప్పుపోడు. వాడికి ఆ ఖంగుమనేది వినిపించాల. మామ విన్నదే వాడూ వినాల. నాకు అది చాలు.

పెద్దోళ్ళు ఊరికే అనలేదు, మేనకోడలు మేలుకోరు కోడలని. అనలేదా? అయితే నేనే అంటున్నాను.

ఎదురుచూస్తుంటాను.

మీ అత్త.


బెంగళూరు,
20 ఏప్రిల్ 2024.

అత్తా,

ముందు బాధపెట్టే మాట చెప్పేస్తాను. బావకు చెవులు వచ్చే మందు లేదు. నేను పరీక్ష అంటే నువ్వు వైద్యం అనుకుంటావని నాకు తట్టలేదు. నీ ఉత్తరం చదివి ఏడ్చాను. నన్ను తిట్టు.

ఇక నువ్వు ఇన్నేళ్ళుగా అడగాలనుకున్న ప్రశ్నకు జవాబు. పేలుడు వల్ల కాదు. ఫలితం కళ్ళారా చూశాను, డాక్టరమ్మ రెండుసార్లు చూశారు. వినికిడికి కావలసిన ఒక మాట రాజు బావలో రెండు చోట్లా చెరిగిపోయి ఉంది. ఆ బిడ్డ నీ కడుపున పడిన రోజే అది అయిపోయింది. నువ్వు ఆ రోజు గనికి పోయినా, పోకపోయినా, ఇంకో రొట్టె కాల్చినా కాల్చకపోయినా, బావ ఇట్లాగే పుట్టేవాడు.

ఆ చెరిగిన రాత ఒకటి నీ దగ్గర నుంచి, ఒకటి మామ దగ్గర నుంచి వచ్చింది. మీ ఇద్దరిదీ ఒకే ఇల్లు కదా. మహాదేవమ్మవ్వ ఇంటి నుంచి అదే రాత ఇటు మామకూ, అటు మీ అమ్మ ద్వారా నీకూ దిగింది. దూరపు సంబంధం చేసుకుని ఉంటే ఆ రెండూ ఒకచోట కలిసేవి కావు.

శివజ్యోతిలో ఆ లోపం లేదు. కాబట్టి పుట్టే బిడ్డకు బావ నుంచి ఒక చెరిగినది వచ్చినా, తల్లి నుంచి మంచిది వస్తుంది. ఈ రాత వల్ల బిడ్డకు చెవుడు రాదు. కిటికీలు తెరువు, మిక్సీ దించు.

నీ కోడలు,
శ్రావణి.


బనగానపల్లె,
29 ఏప్రిల్ 2024.

శ్రావణికి,

ఉత్తరం అందింది. కిటికీ తెరిచినాను, మిక్సీ దించినాను. ఆ పుణ్యం నీకే.

మందు లేదన్నావు. లేకపోతే లేదు, వాడు బాగానే ఉన్నాడు. నన్ను కాల్చింది అది కాదు. మోత తప్పయితే అది ఒక్క పూట తప్పు. ఆ ఒక్క పూటను పక్కన పెడితే, మిగిలిన నా కాపురమంతా నాకు మంచిగానే ఉండింది. ఇప్పుడు నువ్వు ఆ పూటను తీసేసి మా పెండ్లినే తప్పంటున్నావు. దూరపు సంబంధం చేసుకుని ఉంటే! ఎంత సులభంగా రాసినావు! అవ్వ నోటి మాట బండ మాదిరి పడినా, అందులో మామ లేడు, నేనొక్కదాన్నే ఉన్నాను. నీ మాటలో మామను కూడా నిలబెట్టినావు.

మామ ఎట్లాంటి మనిషో నీకేం తెలుసు? బడి మొహం చూడని మనిషి. కొడుకుతో మాట్లాడాలని, గని నుంచి వచ్చి, ఒంటి మీది దుమ్మైనా కడుక్కోకుండా, వాడి పక్కన నేల మీద బోర్లా పడుకుని అక్షరాలు దిద్దినాడు. ఆయన మొదట రాసిన మాట ఏమిటో తెలుసా? "అన్నం తిన్నావా." ఎవరికి రాసినాడనుకున్నావు? రాజుకు కాదు, నాకు. నాకు చెవులున్నా నాకు రాసి చూపించినాడు, మురిసిపోతా. దూరపు సంబంధంలో నాకు అటువంటి వాడు దొరికేవాడా?

మా రాజుకు నిన్ను అడిగినప్పుడు, "పాప చదువుకుంటానంటాందక్కా" అన్నాడు మీ నాయన. నేను పిచ్చిదాన్ని, నమ్మినాను. మా రక్తం మంచిది కాదని మీకు అప్పుడే తెలుసన్నమాట.

ఇంక రాయొద్దు. మీ ఈగలకు వండిపెట్టుకో.

నాగలక్ష్మమ్మ.


బెంగళూరు,
11 మే 2024.

అత్తా,

రాయొద్దన్నావు, రాస్తున్నాను. చించెయ్యాలంటే చదివి చించెయ్యి.

నాయన అబద్ధం చెప్పలేదు. చదువుకుంటానని మొండికేసింది నేనే. అప్పటికి నాకు ఈ ఈగ పేరు కూడా తెలియదు.

మా రక్తం, మీ రక్తం అని విడదీశావు. నీ తమ్ముడి కూతుర్నే కదా నేను. నేను కూడా గొట్టంలో ఉమ్మి ఇచ్చాను. మొన్న ఫలితం వచ్చింది. అదే మాట, అదే చోట చెరిగి నాలోనూ ఉంది. నీకు దిగినట్టే నాయనకు దిగి నాకు వచ్చింది. అది చూసి నాకేమనిపించిందో తెలుసా? బెంగళూరులో నాకెవరూ లేరనుకునేదాన్ని. అవ్వ ఇంటి సొత్తు ఒకటి ఇన్నేళ్ళుగా నాతోనే ఉందే అనిపించింది. ఇట్లాంటివి ప్రతి మనిషిలోనూ ఏవో కొన్ని ఉంటాయత్తా, డాక్టరమ్మలోనూ ఉంటాయి, పెండ్లినాడు మిమ్మల్ని దీవించిన అయ్యవారిలోనూ ఉండి ఉంటాయి. తప్పు అనాలంటే చేసినవాళ్ళు ఒకరుండాలి. ఇందులో ఎవరూ లేరు. మీ పెండ్లి తప్పని నేను అనలేదు, అనను. నేను రాసింది లెక్క. లెక్కలో మనుషులుండరు. అది మరిచి నీకు లెక్క రాసి పంపాను.

మామ నాకు తెలుసు. ఎండాకాలం సెలవల్లో తోటలో కోసిన మొదటి మామిడిపండును ఆయన ఎట్లా పంచేవాడో చెప్పనా? ఒక చెంప బావకు, ఒక చెంప నాకు, టెంక నీకు. "టెంకకే కండ ఎక్కువ, మీ అత్తకు తెలుసు" అనేవాడు. తనకు ఏమీ ఉంచుకునేవాడు కాదు.

నన్ను తినేస్తున్నది ఒక్కటే. పేలుడు అంటించింది మామేనని నీ మొదటి ఉత్తరంలో చదివే వరకు నాకు తెలియదు. ఆయన ఆ తర్వాత ఎందుకు ముట్టలేదో, అవ్వ మాటకు ఎందుకు తలెత్తలేదో ఇప్పుడు తెలిసింది. కొడుకు చెవులు తన చేత్తోనే పోయాయనుకుంటూ పోయాడు మామ. ఈ సంగతి ఆయనకు చెప్పలేకపోయాం.

నువ్వు కోడలా అని పిలవకపోయినా, నీ కోడలినే.

శ్రావణి.


బనగానపల్లె,
10 జూన్ 2024.

కోడలా,

కర్నూలు వైపు నుంచి బెంగళూరుకు పోయే లారీలో ఒక పెట్టె మామిడిపండ్లు వేయించినాను. చెంపలు నువ్వు తిను, తొక్కులు మీ ఈగలకు పెట్టు. టెంకలు ఎవరికిస్తావో నీ ఇష్టం.

నీ చివరి రెండు ఉత్తరాలు కోపంతో బండ మీదే పడేసి పెరట్లోకి పోయినాను. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రాజు రెండూ చదివినాడు. నేను వచ్చి చూస్తే, వాడు సుద్దముక్క పట్టుకుని రాస్తున్నాడు. వాడు రాసింది రాసినట్టే పంపుతున్నాను.

"నీది ఒకటి, నాయనది ఒకటి. నాలో పక్కపక్కనే ఉండాయంట. నాయన యాడికీ పోలేదమ్మా. అది తప్పెట్లయితాది? తుడవద్దు."

ఆ పూట ఆ ఒక్క బండ వదిలిపెట్టి తక్కిన ఇల్లంతా తుడిచినాను.

మరుసటి దినం పొద్దున్నే లేచి జొన్నరొట్టెలు కాల్చినాను. శెనక్కాయల పొడి, వంకాయ కూర, రెండు పండ్లు. మామ సద్దిగిన్నె అటక మీద నుంచి దింపి తోమినాను. రాజును పిలిచి గని దారి వైపు చెయ్యి చూపించినాను. వాడు నన్ను ఎగాదిగా చూసి చెప్పులు తొడుక్కున్నాడు. శివజ్యోతి, "నేనూ వస్తా అత్తా" అనింది. నిండు చూలాలు. వద్దు అని నోటి దాకా వచ్చింది. మింగేసినాను.

చింతచెట్టు అక్కడే ఉంది. బండల కుప్పలు ఇప్పుడు గుట్టలైనాయి. పాత గని ఎప్పుడో మూసేసినారు గానీ, పక్కనే కొత్తది, పేలుడు లేదు, మిషన్లతో కోస్తున్నారు. మలుపు తిరిగినామో లేదో మిషను ఒక్కసారి కీచుమంటా అందుకుంది. నా చెయ్యి దానంతట అదే పోయి శివజ్యోతి కడుపు మీద పడింది.

అరచేతికి తగిలింది, కోడలా. లోపల బిడ్డ ఎగిరిపడింది. శివజ్యోతి నడుము పట్టుకుని నవ్వుతా, "మిక్సీ తిప్పినా ఇంతే అత్తా, మోత వింటే తంతాండాది" అనింది.

నేను అక్కడే దారిలో కూర్చుండిపోయినాను. ఆ దినం అంత పేలుడుకు, అదే మలుపులో, నా కడుపులో రాజు కదల్లేదు. బిడ్డకు ఏదో అయిపోయిందని నేను ఏడ్చినాను. కాలేదు. వాడికి ఆ మోత వినపడనే లేదు. నీ పరీక్షలూ గొట్టాలూ లేకుండానే, ఆ పూటే వాడు నాకు చెప్పినాడు. నాకే అర్థం కాలేదు.

రాజు నన్ను లేపి నడిపించినాడు. మామ కూర్చుని తినే బండ అట్లాగే ఉంది, నడుమ కొంచెం గుంట పడి. సద్ది విప్పి, ఒక రొట్టెలో కూర పెట్టి ఆయన కూర్చునే చోట పెట్టినాను. గట్టిగా, మిషను మోత మీద వినపడేటట్టు చెప్పినాను, "మామా, నువ్వు కాదు. నేనూ కాదు" అని. శివజ్యోతి ముఖం తిప్పుకుని కండ్లు తుడుచుకుంది.

తర్వాత అందరమూ తిన్నాం. చెంపలు వాళ్ళిద్దరికీ ఇచ్చి టెంక నేను తీసుకున్నాను. తొక్కులు బండ మీద పెట్టినామో లేదో మీ ఈగలు వచ్చి ముసురుకున్నాయి. తువ్వాలు నా భుజం మీదనే ఉంది. తోలలేదు.

రాజు వంగి వాటినే చూస్తా చూస్తా నా మోచెయ్యి తట్టినాడు. వేలు పెట్టి చూపించినాడు. తొక్కు అంచున ఒక ఈగ ఇంకొక దాని చుట్టూ తిరుగుతా, ఒక్క రెక్క పక్కకు చాపి వణికిస్తాంది. నేను చెవి దగ్గర పెట్టినాను. వాడు నన్ను చూసి నవ్వినాడు. ఆ పాట వాడికీ వినపడలేదు, నాకూ వినపడలేదు. ఇద్దరమూ చూస్తా కూర్చున్నాం.

మీ అత్త,
నాగలక్ష్మమ్మ.